ఫెయిరీ క్వీన్‌ని తెలుగులో ఏమని పిలవాలి?

రాయంచ
అందరికీ నమస్కారం. స్కాట్లాండ్ సరిహద్దు పల్లెల్లో పాడుకున్న పాత కథాగేయాలు కొన్నిటిని తెలుగు చేస్తున్నాను. మొదట పట్టుకున్నది ‘థామస్ ది రైమర్’. మొదట్లోనే ఆగిపోయాను.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. థామస్ అనే పాటగాడు గట్టు మీద పడుకుని ఉంటాడు. తెల్లగుర్రం మీద ఒకావిడ వస్తుంది. పచ్చగడ్డి రంగు పట్టుబట్ట, మీద మఖమల్ పైవస్త్రం. గుర్రం జూలులో ఒక్కో పాయకీ యాభై తొమ్మిది వెండి మువ్వలు. థామస్ టోపీ తీసి వంగి, ‘స్వర్గపు రాణీ, నీకు జేజేలు’ అంటాడు. ఆమె ‘కాదు థామస్, ఆ పేరు నాది కాదు, నేను ఎల్ఫ్‌లాండ్ రాణిని’ అంటుంది. ఎల్ఫ్‌లాండ్ అంటే ఎల్ఫ్‌ల, అంటే ఫెయిరీల, లోకం.

చిన్నప్పటి నుంచి మనం చదువుకున్న కథల్లో ఫెయిరీ అంటే దేవకన్యే. ‘దేవకన్యల రాణిని’ అని రాస్తే, ఆమె ఏది కాదంటోందో అదే ఆమె నోట్లో పెట్టినట్టవుతుంది. మరి ఏమనాలి? మూడు వారాలుగా ఈ ఒక్క మాట దగ్గరే కూర్చున్నాను.

పాతఅరుగు
అమ్మా రాయంచా, సరిగ్గా పట్టుకున్నావు. థామస్ ఆమెను మేరీ మాత అనుకున్నాడు. ఆ కాలపు క్రైస్తవుడికి స్వర్గపు రాణి అంటే ఆమే. ఈవిడ కాదంటోంది. అలాగని నరకం మనిషీ కాదు. కొంచెం ముందుకు వెళితే మూడు దారులు చూపిస్తుంది చూడు. ముళ్లపొదల మధ్య ఇరుకు దారి పుణ్యానిది, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. పూలతోటలా పరుచుకున్న వెడల్పు దారి పాపానిది, కొందరు దాన్నే స్వర్గానికి దారి అనుకుంటారు. మూడోది కొండవాలున వంకర తిరిగిన అందమైన దారి, ఎల్ఫ్‌లాండ్‌కి. ఈ రాణి బతుకంతా ఆ మూడో దారిలో ఉంది. ‘దేవ’ అన్నా ‘దెయ్యం’ అన్నా ఆ దారి మూసుకుపోతుంది.

మాట ఎంచుకునే ముందు ఈ రాణి ఎన్ని చేతులు మారిందో చూడటం మంచిది. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి ఛాసర్ ‘వైఫ్ ఆఫ్ బాత్’ కథ మొదట్లోనే, ఆర్థర్ రాజు రోజుల్లో ఎల్ఫ్ రాణి తన పరివారంతో పచ్చికబయళ్లలో నాట్యం చేసేదనీ, ఇప్పుడు ఊరూరా తిరిగే సన్యాసుల ప్రార్థనల వల్ల ఎల్ఫ్‌లు కనబడటం లేదనీ చెప్పిస్తాడు. అంటే ఆమె కథ రాతలోకి వచ్చే నాటికే ‘పూర్వం ఉండేది’ అన్న మాటతో వచ్చింది.

ఉత్తరగాలి
మాస్టారూ, నేను ఎడిన్‌బరాలో ఉంటున్నాను. ఈ పాట జరిగిన చోటికి రెండుసార్లు వెళ్లాను. 2015లో మళ్లీ తెరిచిన బోర్డర్స్ రైలు మార్గంలో ట్వీడ్‌బ్యాంక్ దాకా వెళ్లి, అక్కడి నుంచి మెల్రోజ్‌కి నడిచాను. ఊరి వెనకే ఈల్డన్ గుట్టలు. మూడు శిఖరాలు. చుట్టూ నేల చదునుగా పరుచుకుని ఉంటే ఇవి ఉన్నట్టుండి పైకి లేస్తాయి. థామస్ పడుకున్న చెట్టు ఇప్పుడు లేదు, ఆ చోట ఒక రాయి నిలబెట్టారు. థామస్ ఊరు ఎర్సెల్డౌన్, ఇప్పటి పేరు ఎర్ల్‌స్టన్. అతను నిజంగా 13వ శతాబ్దంలో బతికిన మనిషి. అతని పేరు చెప్పే పాత బురుజు గోడలు ఇంకా ఉన్నాయి.

అక్కడ నిలబడితే ఒకటి అర్థమవుతుంది. ఎల్ఫ్‌లాండ్ ఆకాశంలో లేదు. ఆ గుట్టల కడుపులో ఉంది. రెక్కలు, మంత్రదండం, మెరుపుల గౌను, ఇవేవీ ఆ పాటలో లేవు. గుర్రం ఉంది, గుట్ట ఉంది, ఒక బేరం ఉంది.

చెరువుకట్ట
బేరం ఏంది అన్నా? చెప్పుండ్రి.

ఉత్తరగాలి
ఏడేళ్లు ఆమె దగ్గర పనిచేయాలి. అక్కడ ఒక్క మాట పలికినా తిరిగి ఊరు చేరడు. దారిలో మోకాళ్లలోతు నెత్తుటి ఏళ్లు దాటుతారు. భూమ్మీద చిందిన రక్తమంతా ఆ ఊటల్లోకి వస్తుందట. చివర్లో జీతంగా ఒక యాపిల్ ఇస్తుంది. అది తింటే అబద్ధమాడలేని నాలుక వస్తుంది. వాల్టర్ స్కాట్ 1802లో మొదలుపెట్టి అచ్చువేసిన సంకలనంలో ఇక్కడ థామస్ గొడవ పడతాడు. ‘నా నాలుక నాది. ఇలాంటిది పెట్టుకుని సంతలో కొనేదెట్లా, అమ్మేదెట్లా? దొరలతో మాట్లాడేదెట్లా, ఆడవాళ్ల మనసు అడిగేదెట్లా?’ అని. రాణి ‘నోరు మూసుకో, నేను చెప్పింది జరుగుతుంది’ అంటుంది. ఆమె స్వభావం తెలియాలంటే ఈ ఒక్క జవాబు చాలు.

నల్లపూస
నేను చరిత్ర విద్యార్థిని. ఈ రాణి కోర్టు కాగితాల్లో కూడా ఉంది. అక్కడ ఆమె కథ కాదు, నేరం.

1576లో ఎయిర్‌షైర్‌కి చెందిన బెస్సీ డన్‌లప్‌ని విచారించారు. ఆమె మందూమాకూ చెప్పే పల్లెటూరి మనిషి. తనకు ఇవన్నీ నేర్పింది థామ్ రీడ్ అనీ, అతను 1547లో పింకీ యుద్ధంలో చనిపోయినవాడనీ చెప్పింది. తాను పురిటి మంచం మీద ఉన్నప్పుడు ఒక లావుపాటి ఆవిడ ఇంట్లోకి వచ్చి, బల్ల మీద కూర్చుని, తాగడానికి ఏదైనా ఇమ్మని అడిగిందట. ఇచ్చింది. ఆ వచ్చింది ఎల్ఫేమ్, అంటే ఎల్ఫ్‌లాండ్, రాణి అని థామ్ తర్వాత చెప్పాడు. ఇంత మామూలుగా ఉంటుంది ఆ వర్ణన. గుర్రం లేదు, మువ్వలు లేవు. దాహమేసి పొరుగింటికి వచ్చిన ఆడమనిషి. బెస్సీని కాల్చి చంపారు.

1588లో ఫైఫ్‌కి చెందిన ఆలిసన్ పియర్సన్, ఇదే రాణి పరివారంతో తిరిగానన్నందుకు కాలిపోయింది. 1598లో ఆబర్డీన్‌లో ఆండ్రో మాన్ అనే ముసలాయన, రాణి తలచుకుంటే ముసలిదీ పడుచుదీ కాగలదనీ, ఎవరిని కావాలంటే వాళ్లను రాజుని చేస్తుందనీ చెప్పాడు. అతన్నీ బతకనివ్వలేదు. అప్పటి స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్ 1597లో దెయ్యాల మీద స్వయంగా ఒక పుస్తకం రాసి, డయానా దేవత పరివారమనీ ఫెయిరీలనీ జనం చెప్పుకునేదంతా సైతాను భ్రమ అని తేల్చాడు. ఆ వాక్యం వెనక ఎన్ని ప్రాణాలు పోయాయో తలచుకుంటే చెయ్యి ఆగిపోతుంది నాకు.

పాతఅరుగు
అమ్మాయీ, నువ్వు చెప్పిన ఏళ్లు చూస్తుంటే మనసు కలుక్కుమంటోంది. సరిగ్గా అప్పుడే సరిహద్దుకి ఇవతల, ఇంగ్లండ్‌లో, ఎడ్మండ్ స్పెన్సర్ ‘ద ఫెయిరీ క్వీన్’ కావ్యం మొదటి మూడు కాండలు 1590లో, మిగతా మూడు 1596లో అచ్చువేశాడు. అక్కడ ఫెయిరీల రాణి గ్లోరియానా అంటే సాక్షాత్తూ ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్. కవికి ఏడాదికి యాభై పౌండ్ల భృతి దొరికింది. ఒకే పేరు చెప్పినందుకు ఒకరికి చితి, ఒకరికి భృతి.

1591లో ఎల్వెతమ్ అనే చోట ఒక ప్రభువు ఎలిజబెత్‌కి విందు చేసినప్పుడు, ఫెయిరీల రాణి వేషం కట్టినామె తోటలోకి వచ్చి, పాట పాడి, పూలదండ సమర్పించింది. ఎలిజబెత్‌కి అది ఎంత నచ్చిందంటే మూడుసార్లు పాడించి ఆడించుకుంది.

అయితే స్పెన్సర్‌ని భట్రాజని కొట్టిపారేయకండి. నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ప్రతిసారీ ఒక్క చోట ఆగిపోయేవాణ్ణి. ఇంత పెద్ద కావ్యంలో గ్లోరియానా ఎదురుగా కనబడదు. మొదటి కాండ తొమ్మిదో సర్గలో ఆర్థర్ తన కల చెబుతాడు. అలిసి గడ్డిలో నిద్రపోతే ఒక రాజకన్య వచ్చి పక్కన పడుకుందనీ, ఫెయిరీల రాణినని చెప్పిందనీ. లేచి చూస్తే ఎవరూ లేరు. ఆమె పడుకున్న చోట గడ్డి మాత్రం నలిగి ఉంది. అప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాడు. పన్నెండు కాండలు అనుకున్న కావ్యం ఆరింటితో, 1609లో వెలువడిన ఒక ముక్కతో ఆగిపోయింది కాబట్టి ఆ వెతుకులాట ఎప్పటికీ తీరలేదు. ఆ నలిగిన గడ్డి ఒక్కటి చాలు నాకు.

చెరువుకట్ట
మాస్టారూ, మేము డిగ్రీలో షేక్‌స్పియర్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ చదివినం. అండ్ల ఫెయిరీల రాణి టైటానియా దగ్గర మన దేశపు పిలగాడు ఉంటడు కదా. వాని గురించి ఎవ్వరూ చెప్పలే. పరీక్షలో కూడా రాలే. నాకు మాత్రం ఆ పిలగాడే యాదికున్నడు.

పాతఅరుగు
శభాష్ నాయనా. ఆ నాటకం 1595, 96 ప్రాంతానిది. ఫెయిరీల రాజు ఆబెరాన్‌కీ టైటానియాకీ తగువంతా ఆ పిల్లవాడి కోసమే. ఆబెరాన్ సేవకుడు పక్ చెప్పేది ఒకటి, భారతదేశపు రాజు దగ్గర నుంచి ఎత్తుకొచ్చిన పిల్లాడని. టైటానియా చెప్పేది వేరు. పిల్లాడి తల్లి తన భక్తురాలు. సుగంధ ద్రవ్యాల వాసన నిండిన రాత్రి గాలిలో, సముద్రపు ఇసుక మీద ఇద్దరూ కూర్చుని, గాలికి కడుపు ఉబ్బిన తెరచాపలు చూసి నవ్వుకునేవారట. నిండు చూలాలు ఆ ఓడలాగే నడిచి చూపించి, ఒడ్డున దొరికినవి ఏరి తెచ్చి ఇచ్చేదట. ‘ఆమె మనిషి కదా, ఆ బిడ్డను కంటూ చనిపోయింది. ఆమె కోసమే వీణ్ణి పెంచుతున్నాను, ఆమె కోసమే వీణ్ణి వదలను’ అంటుంది. ఫెయిరీ లోకమంతా ఇచ్చినా ఆ బిడ్డను కొనలేరంటుంది. ఈస్టిండియా కంపెనీ పుట్టడానికి నాలుగైదేళ్ల ముందు మాట ఇది.

ఆ పిల్లాడికి నాటకంలో పేరు లేదు, ఒక్క మాటా లేదు. చివరికి కళ్లలో పూలరసం పిండి, గాడిదతల మనిషి మీద మోజు పుట్టించి, ఆ మత్తులో ఉండగా ఆబెరాన్ పిల్లాణ్ణి ఇప్పించుకుంటాడు. మెలకువ వచ్చాక టైటానియా ఆ పిల్లాడి ఊసే ఎత్తదు. నన్నడిగితే నాటకంలో అన్నిటికంటే బాధపెట్టే మౌనం అదే. దర్శకులు ఎలా తీసినా ఆ ఖాళీ పూడలేదు.

రాయంచ
మాస్టారూ, టైటానియా అన్న పేరు జానపదుల్లో లేదు కదా?

పాతఅరుగు
లేదమ్మా. రోమన్ కవి ఓవిడ్ లాటిన్ కావ్యంలో డయానాకి వాడిన విశేషణం అది. షేక్‌స్పియర్ కాలానికి అందుబాటులో ఉన్న గోల్డింగ్ ఇంగ్లీషు అనువాదంలో ఆ మాట రాదు కాబట్టి అతను లాటిన్‌లోనే చదివి ఉండాలి. జేమ్స్ రాజు సైతాను భ్రమ అన్నదీ డయానా పరివారాన్నే, షేక్‌స్పియర్ రాణిని చేసిందీ డయానా పేరునే.

ఈ రాణిని చిన్నది చేసిన పాపం కూడా కొంత ఆయనదే. ‘రోమియో జూలియట్’లో మెర్కూషియో చెప్పే క్వీన్ మాబ్, పెద్దమనిషి ఉంగరంలో రాయంత ఉంటుంది. బోలు హేజల్ కాయ ఆమె రథం. ఆ ముచ్చట అందరికీ ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత డ్రేటన్ లాంటి కవులు వరసగా పురుగంత రాణుల్ని తయారుచేశారు. అక్కడి నుంచి విక్టోరియా కాలపు పిల్లల పుస్తకాల దాకా వచ్చి రెక్కలు మొలిచాయి.

శ్రుతిపెట్టె
సంగీతం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెబుతాను. ఇంగ్లీషు స్వరకర్త హెన్రీ పర్సెల్ సంగీత నాటకం ‘ద ఫెయిరీ క్వీన్’ 1692లో లండన్ డార్సెట్ గార్డెన్ నాటకశాలలో ఆడింది. షేక్‌స్పియర్ నాటకాన్నే మార్చి తీసుకున్నారు. కానీ షేక్‌స్పియర్ రాసిన ఒక్క పాదానికి కూడా పర్సెల్ స్వరం కట్టలేదు. టైటానియా పాడదు, మాట్లాడుతుంది. పాడేదంతా ఆమె చుట్టూ ఉన్నవాళ్లే.

రెండో అంకంలో ఆమెను నిద్రపుచ్చడానికి రాత్రి, రహస్యం, గోప్యం, నిద్ర అనే నలుగురు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పాడతారు. రాత్రి పాడేటప్పుడు వయొలిన్లకు మ్యూట్ తగిలిస్తారు, కింద మంద్రవాద్యాలు ఉండవు. నేల లేని పాటలా తేలుతుంది. నిద్ర పాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య నిశ్శబ్దాలు. ఆ నిశ్శబ్దాల్లో ఊపిరి బిగబట్టి కూర్చుంటాను నేను. పదిహేనేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను, రాగానికి విరామం కూడా స్వరమేనని నాకు మా గురువుగారి తర్వాత నేర్పింది ఆ పాటే.

పర్సెల్ 1695లో ముప్పై ఆరేళ్లకే పోయాడు. ఆ తర్వాత స్వరప్రతి పోయింది. తెచ్చిచ్చినవాళ్లకు ఇరవై గినీలు ఇస్తామని నాటకశాల వాళ్లు ప్రకటన వేశారు. దొరకలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత, 20వ శతాబ్దం మొదట్లో, రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ గ్రంథాలయంలో బయటపడింది. ఎల్ఫ్‌లాండ్‌కి వెళ్లిన మనిషి తిరిగొచ్చినట్టే.

ఉత్తరగాలి
పాడని టైటానియా! ఇది నాకు కొత్త. మరి ఆమె ఎప్పుడు పాడింది?

శ్రుతిపెట్టె
1960లో బెంజమిన్ బ్రిటన్ అనే స్వరకర్త ఆల్డెబరా ఉత్సవం కోసం రాసిన ఆపెరాలో నిండుగా పాడింది. పక్షిలా పైస్థాయిలో తిరిగే సొప్రానో. ఆబెరాన్‌కి ఆల్‌ఫ్రెడ్ డెలర్ కౌంటర్‌టెనార్ గొంతు, అంటే ఆడగొంతు స్థాయిలో పాడే మగగొంతు. మనుషుల గొంతులకూ వీళ్లకూ తేడా వినగానే తెలిసిపోతుంది.

దానికి ముందు 1882లో గిల్బర్ట్, సలివన్‌ల హాస్య ఆపెరా ‘అయొలాంథీ’ ఉంది. అక్కడి ఫెయిరీ రాణి కాంట్రాల్టో, ఆడగొంతుల్లో అన్నిటికంటే మంద్రమైనది. బ్రిటిష్ పార్లమెంటునే లొంగదీస్తుంది. మనిషిని పెళ్లాడిన ఫెయిరీ చావాలి అన్న చట్టం మీద కథ నడుస్తుంది. అప్పుడే కొత్తగా విద్యుద్దీపాలు వచ్చిన సవాయ్ థియేటర్లో, ఫెయిరీల తలల్లో బ్యాటరీతో వెలిగే నక్షత్రాలు పెట్టారు. రెక్కల రాణిని తలచుకుని జనం మురిసిపోవడంలో ఆ వెలుగు పాత్ర తక్కువది కాదు.

రాయంచ గారి పాట వంశానికి దగ్గరగా వినాలంటే మాత్రం ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం 1969లో పాడిన ‘టామ్ లిన్’ వినండి. శాండీ డెన్నీ గొంతు. రాత్రిపూట ఒక్కరే వినండి.

రాయంచ
‘టామ్ లిన్’ నా జాబితాలో రెండోది! సెల్కర్క్ దగ్గర, ఎట్రిక్, యారో ఏళ్లు కలిసే కార్టర్‌హా అడవిలో జరుగుతుంది. ఫెయిరీల రాణి పట్టుకుపోయిన మనిషి టామ్ లిన్. అతని వల్ల కడుపుతో ఉన్న జానెట్, హాలోవీన్ అర్ధరాత్రి మైల్స్ క్రాస్ అనే చోట కాపు కాసి, గుర్రం మీద నుంచి అతన్ని లాగి పట్టుకుంటుంది. చేతుల్లో పాము అవుతాడు, ఎలుగు అవుతాడు, సింహం అవుతాడు, ఎర్రగా కాలిన ఇనుము అవుతాడు. వదలదు. చివరికి మనిషి అవుతాడు. అప్పుడు రాణి కోపం చూడాలి. ‘ఇలా జరుగుతుందని ముందే తెలిస్తే నీ రెండు కళ్లు పీకి కొయ్యకళ్లు పెట్టేదాన్ని’ అంటుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఫెయిరీలు ఏడేళ్లకోసారి నరకానికి కప్పం కట్టాలి. ఆ కప్పం మనిషి. ఈసారి వంతు తనదేమోనని టామ్ లిన్ భయం. థామస్ కథ పాత పద్యరూపంలో కూడా ఇదే ఉంది. రేపు నరకదూత కప్పానికి వస్తాడు, నువ్వు మంచి ఒడ్డూపొడుగూ ఉన్నవాడివి, నిన్నే ఎంచుకుంటాడు అని చెప్పి రాణే అతన్ని గబగబా ఇంటికి పంపేస్తుంది. ప్రేమించింది కాబట్టి పంపింది. టామ్ లిన్‌నీ ప్రేమించే ఉంటుంది, పంపలేదు.

ఇలాంటావిడకి మాట కావాలి నాకు. యక్షిణి అందామా? చెట్లు, గుట్టలు, నిధులు, మంచీచెడూ కానితనం, అన్నీ కుదురుతాయి.

పాతఅరుగు
యక్షిణి అనగానే మనకు మంత్రం జపించి వశం చేసుకునే శక్తి గుర్తొస్తుంది. ఈవిడ ఎవరికీ వశం కాదు. అప్సరస అసలే కుదరదు. ఇంద్రుడు పంపితే వెళ్లేది అప్సరస. ఈవిడ గుర్రం పగ్గం ఈవిడ చేతిలోనే ఉంది.

నాకు గుర్తొస్తున్నది కిష్కింధకాండలో స్వయంప్రభ. ఆకలితో వానరులు ఋక్షబిలంలోకి దిగుతారు. లోపల బంగారు చెట్లు, వెలుగు, విందు. తేరుకునేసరికి సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయింది. లోపలికి వచ్చినవాళ్లు ప్రాణాలతో బయటికి పోలేరంటుంది ఆమె. మళ్లీ తానే కళ్లు మూసుకోమని బయటికి చేరుస్తుంది. గుట్ట లోపలి లోకం, తినిపించే ఆడది, దొంగిలించబడ్డ కాలం, అన్నీ ఉన్నాయి. కానీ ఆమె తపస్విని. పేరు అరువు తెచ్చుకోలేం.

చెరువుకట్ట
నేనొకటి అంటా, తప్పయితే చెప్పుండ్రి. ‘గుట్ట దొరసాని’ అంటే ఎట్లుంటది?

మా అమ్మమ్మ ‘దొరసాని’ అన్న మాట ఎప్పుడన్నా గొంతు తగ్గించే అంటుండె. ఎదురుపడితే చెప్పులు చేతుల పట్టుకొని పక్కకు జరిగెటోళ్లంట. పిలిస్తే పోవాలె, పని చెయ్యాలె, జీతం ఏమిస్తే అదే. ఎదురు మాట్లాడొద్దు. మీరు చెప్పిన ఏడేండ్ల కొలువు, నోరు తెరవొద్దనుడు వింటుంటే నాకు దొరల గడీనే కండ్లల్ల మెదిలింది. మనిషిని కప్పంగ పంపుడు కూడా.

నల్లపూస
ఒళ్లు జలదరించింది. స్కాట్లాండ్‌లో కూడా ఫెయిరీల పేరు నేరుగా పలికేవాళ్లు కాదు. ‘మంచి పొరుగువాళ్లు’ అనేవారు. ఐర్లండ్‌లోనైతే వాళ్లను ‘జెంట్రీ’ అనేవారు, అంటే అచ్చంగా దొరలే. 1662లో ఆల్డెర్న్ దగ్గర ఇసొబెల్ గౌడీ ఇచ్చిన వాంగ్మూలంలో కూడా రాణి తెల్లటి నారబట్టల్లో, దండిగా తిండి పెట్టిన పెద్దింటి ఇల్లాలిలాగే కనబడుతుంది. ద్వారం దగ్గర రంకెలేసే ఎద్దులను చూసి భయపడ్డానంది ఇసొబెల్. పేద మనిషి పెద్దింటి గడప తొక్కినప్పటి భయం అది.

ఉత్తరగాలి
గుట్ట అన్న మాట ఈల్డన్‌కి కొలిచినట్టు సరిపోయింది. కొండ అంటే పెద్దదైపోతుంది.

పాతఅరుగు
ఒక్క అనుమానం. కోస్తావాళ్లకు దొరసాని అంటే తెల్లదొర భార్య గుర్తొస్తుంది. కానీ ‘గుట్ట’ పక్కన చేరాక ఆ అర్థం పోతుంది. నేను ఒప్పుకుంటున్నాను. నాయనా చెరువుకట్టా, పరీక్షలో రాని పిల్లాణ్ణి గుర్తుపెట్టుకున్నవాడికే ఈ మాట తట్టింది.

రాయంచ
రాత్రంతా కూర్చున్నాను. ఇదిగో:

టోపీ తీసి, మోకాలు వంచి
‘స్వర్గపు రాణీ, జేజే’ లన్నాడు.
‘కాదోయ్ థామస్, ఆ పేరు నాదా?
గుట్ట లోపలి దొరసానిని నేను,
నిన్నే చూడగ వచ్చితి నేను.’

శ్రుతిపెట్టె
పాడి చూశాను. నాలుగు పాదాలు హాయిగా నడిచాయి. చివరిదాంట్లో ‘వచ్చితి’ దగ్గర మాత్రం ఆవిడ గుర్రం దిగి హరికథ చెబుతున్నట్టుంది. పైగా ‘నేను’ రెండుసార్లు వస్తోంది.

చెరువుకట్ట
‘నిన్ను చూసి పోదామని వచ్చిన’ అనుండ్రి అక్కా. దొరసాని గట్లనే అంటది.

రాయంచ
మార్చేశాను. ఇప్పుడు యాపిల్ చరణం. ‘నోరు మూసుకో’ని దొరసాని ఎలా అంటుందో అమ్మమ్మను తలచుకుని చెప్పు తమ్ముడూ.